బోర్డు మీద లేని మావయ్య

బంటుపాలెంలో తెలివైనవాళ్ల ఇల్లు ఏదని ఎవరినైనా అడగండి, నవ్వి ఊరుకుంటారు. ఆ ఇంటివాళ్లని అడిగితే మాత్రం ఊరుకోరు. "మాదే" అంటారు, ముగ్గురూ ఒక్కసారే.

ఆ ముగ్గురూ ఎవరంటే నూకరాజు, వాడి పెళ్లాం వరహాలమ్మ, వాడి తమ్ముడు కొండబాబు. వాళ్ల తెలివి ఎలాంటిదో నూకరాజే విడమర్చి చెప్పేవాడు.

"లోకంలో పనులెందుకు పాడవుతున్నాయి? ఒకడు ఒకటి చెప్తాడు. విన్నవాడు దానికి తన బుర్ర కాస్త కలిపి ఇంకోటి చేస్తాడు. మేం కలపం. చిటికెడు కూడా కలపం."

"మా ఆయన నన్ను పొయ్యి మీద పాలు చూస్తూ ఉండమన్నారు" అనేది వరహాలమ్మ. "పొంగడం చూశాను, పొర్లడం చూశాను, పొయ్యి ఆరిపోవడం కూడా చూశాను. ఒక్క చుక్క నా కన్ను తప్పించుకుని పోలేదు."

"మా వదినకి చూపు అలాంటిది" అనేవాడు కొండబాబు.

వీళ్లకొక మేనమామ ఉన్నాడు, సోమలింగం అని. ఆయనకి నిజంగానే బుర్ర ఉంది. ఆ ఇంట్లో ఆయనకున్న ఇబ్బంది అదొక్కటే.

సోమలింగం చేసే పని కొంచెం చెప్పాలి. మనం రాసిన మాట యంత్రానికి తలకెక్కదు, యంత్రం మాట మనకి తలకెక్కదు. మధ్యలో దుబాసీ ఒకడు ఉండాలి. కంప్యూటర్లలో ఆ దుబాసీని కంపైలరు అంటారు. సోమలింగం సొంతంగా ఒక భాష అల్లి, దానికో కంపైలరు తయారుచేసి, 'చుక్కాని' అని పేరు పెట్టి అమ్ముకునేవాడు. అయితే దుబాసీ తిరగడానికి ఇల్లు కావాలి కదా. కంప్యూటరు లోపల ఆ ఇంటి పేరు ఆపరేటింగ్ సిస్టమ్. ఇల్లు మారితే గుమ్మాల ఎత్తు మారుతుంది, దుబాసీకి తల గుద్దుకుంటుంది. అందుకని ఏ ఏ ఇళ్లలో తల తగలకుండా తిరగగలడో సోమలింగం పరీక్ష చేసి, గుమ్మం పక్కన బోర్డు మీద సుద్దతో రాసి పెట్టేవాడు.

"చుక్కాని నడిచే సిస్టమ్‌లు: సాగర్ 7, సాగర్ 8, సాగర్ 10."

తొమ్మిది ఏమైందో సోమలింగానికీ తెలీదు.

ఒకప్పుడు చుక్కానిని కొన్నవాళ్లు ఇరవై మంది ఉండేవారు. ఒక్కొక్కరే పెద్ద కంపెనీల సరుక్కి మళ్లిపోయారు. మిగిలింది ఒక్కర్తే, కొత్తరేవులో ఐసు ఫ్యాక్టరీ నడిపే ఎర్రయ్యమ్మ. ఏ డబ్బాలో నీళ్లెప్పుడు పొయ్యాలి, చలి ఎంత పెట్టాలి, గడ్డ కట్టాక ఎప్పుడు పైకి లేపి జారుడుబల్ల మీంచి బయటికి తొయ్యాలి, ఇదంతా ఆవిడ ఫ్యాక్టరీలో చుక్కానిలో రాసిన ప్రోగ్రామే చూసుకునేది.

ఇలా ఉండగా సోమలింగానికి రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. పట్నంలో మొదటి కంటి ఆపరేషన్‌కి గురువారం ప్రయాణం పెట్టుకున్నాడు. బయల్దేరే ముందు ముగ్గురినీ వరసగా నిలబెట్టాడు.

"షాపు ఫోను చేతిలోంచి దించొద్దు. మోగితే తియ్యండి. ముందు 'ఏ సిస్టమ్' అని అడగండి. వాళ్లు చెప్పింది బోర్డు మీద ఉంటే చుక్కాని ఉన్న పెన్ డ్రైవు పంపించండి. లేకపోతే సపోర్టు లేదని చెప్పి పెట్టేయండి. ఇంకో మాట వద్దు. బోర్డు మీద నేను తప్ప ఎవరూ ఒక్క అక్షరం రాయొద్దు. ఎర్రయ్యమ్మగారు ఏదైనా చెయ్యమంటే మాత్రం కాదనకండి. ఆవిడ కూడా పోతే మనం కొట్టు కట్టేసుకోవాలి. అర్థమైందా?"

"అర్థం చేసుకోవడం మా పని కాదు మావయ్యా" అన్నాడు నూకరాజు. "చెయ్యడం మా పని."

సోమలింగం ఒక నిట్టూర్పు విడిచి బస్సెక్కాడు. నూకరాజు ఫోను కుడిచేత్తో పట్టుకున్నాడు, ఇక దించలేదు. అన్నం వరహాలమ్మ కలిపి పెట్టింది. చొక్కా విప్పడానికి వీల్లేక స్నానం చొక్కాతోనే చేశాడు, ఫోను తలపైకి ఎత్తిపట్టుకుని.

బస్సు రెండు మైళ్లు వెళ్లిందో లేదో ఫోను మోగింది.

"ఏ సిస్టమ్?" అన్నాడు నూకరాజు.

"ఒరే, నేనురా. కళ్లద్దాలు బల్ల మీద మరిచిపోయాను. కొండబాబు చేత సైకిలు మీద..."

"ఏ సిస్టమ్?"

"సిస్టమేమిట్రా, నేను మావయ్యని."

నూకరాజు ఫోనుకి అరచెయ్యి అడ్డం పెట్టి, "కొండా, బోర్డు మీద మావయ్య ఉన్నాడేమో చూడు" అన్నాడు.

కొండబాబు వేలు పెట్టి మొదట్నుంచి చివరిదాకా చదివాడు. "ఏడు, ఎనిమిది, పది. మావయ్య లేడు."

"మావయ్యకి సపోర్టు లేదండీ" అని చెప్పి నూకరాజు పెట్టేశాడు.

అంతే. సోమలింగం కళ్లద్దాలు లేకుండానే పట్నం వెళ్లాడు.

ఆ మధ్యాహ్నం మళ్లీ మోగింది. ఈసారి ఎర్రయ్యమ్మ.

"ఏ సిస్టమ్?"

"సాగర్ పదకొండు బాబూ. పాత కంప్యూటరు ఉప్పుగాలికి తుప్పట్టి పోయింది. కొత్తది తెచ్చాను. అందులో పదకొండే వచ్చింది. మీ చుక్కాని ఎక్కనంటోంది."

"పదకొండు బోర్డు మీద లేదు. సపోర్టు లేదు."

"అలాగంటే ఎలా నాయనా. సోమవారం తెల్లారి చేపల వేట మొదలు. రెండు నెలల నిషేధం అయ్యి అరవై పడవలు ఒక్కసారి కదుల్తాయి. మొదటిరోజు ఐసు ఎక్కడ దొరికితే ఏడాదంతా అక్కడికే వెళ్తారు. పక్క రేవువాడు అప్పుడే పడవలవాళ్లకి టీలు పోయిస్తున్నాడు. నా దగ్గర ముప్పైమంది పనివాళ్లున్నారు. గడ్డ కట్టడానికే ఒకరోజు పడుతుంది. నువ్వొకసారి వచ్చి చూడు."

వచ్చి చూడమంది. కాదనడానికి లేదు. ఇంకేముంది, ముగ్గురూ ఆటో మాట్లాడుకుని పన్నెండు మైళ్లు వెళ్లారు. కొత్త కంప్యూటరు ముందు వరసగా కూర్చుని గంటసేపు చూశారు. వరహాలమ్మ పక్కకి వెళ్లి వెనకవైపు కూడా చూసింది. తర్వాత అదే ఆటోలో తిరిగొచ్చేశారు.

సాయంత్రం ఎర్రయ్యమ్మ ఫోను చేసింది. "ఏటయ్యా, టీ తెచ్చేలోపల వెళ్లిపోయారు. ఏం చేశారు?"

"వచ్చాం. చూశాం."

"చూసి?"

"బాగుందండీ. నల్లగా, మెరుస్తూ ఉంది."

"నాయనా" అంది ఎర్రయ్యమ్మ, ఒక్కో అక్షరం విడదీసి. "రేపు పొద్దున్న రా. వచ్చి, చుక్కానిని అందులోకి ఎక్కించు. ఎక్కిస్తేగానీ వెళ్లకు."

"ముందే అలా చెప్పాల్సిందండీ. ఆటో ఖర్చు కలిసొచ్చేది" అన్నాడు నూకరాజు.

శుక్రవారం పొద్దున్నే పెన్ డ్రైవుతో, దాంతోపాటు సోమలింగం అచ్చు వేయించిన కాగితంతో దిగారు. కొండబాబు కాగితం పైకి చదివాడు. "ఒకటి. పని పూర్తయ్యేదాకా ఎవరినీ ఏదీ ముట్టుకోనివ్వకండి. రెండు. తెర మీద ఏది అడిగినా 'సరే' నొక్కండి."

"విన్నారుగా" అంది వరహాలమ్మ, కొంగు బిగించి. "ఎవరూ ఏదీ ముట్టుకోకండి."

అంతే. ఫ్యాక్టరీలో ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోవలసి వచ్చింది. నీళ్ల తొట్టి నిండింది. పనివాడొకడు కుళాయి కట్టెయ్యబోతే వరహాలమ్మ చీపురు అడ్డం పెట్టింది. "కుళాయి ఏదీ కాదా?" అంది. తొట్టి పొర్లింది. వంటమనిషి అన్నం వార్చబోతే ఆపింది. అన్నం మాడింది. వీపు గోక్కోబోయిన మేస్త్రీ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"నా వీపే కదమ్మా" అన్నాడు మేస్త్రీ, బతిమాలుతూ.

"ఎవరినీ ఏదీ అని ఉంది. తమ వీపు తప్ప అని లేదు."

అవతల కొండబాబు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తెర మీద మాట వచ్చింది. "ఇది సాగర్ 11. ఈ సిస్టమ్ నా జాబితాలో లేదు. ఆపేస్తున్నాను. సరేనా?"

కొండబాబు సరే నొక్కాడు. అది ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అదే అడిగింది. మళ్లీ సరే నొక్కాడు. నలభైసార్లు అయ్యింది.

"ఎంత మర్యాద చూడన్నయ్యా" అన్నాడు. "ఆపేసే ముందు ప్రతిసారీ మనల్ని అడుగుతోంది."

నీళ్లు చీలమండల దాకా వచ్చాయి. ఎర్రయ్యమ్మ ఒక స్టూలు మీద నిలబడి, చేతులు కట్టుకుని, "బాబూ, ఏదైనా ఆలోచించండి" అంది.

ఆవిడ చెయ్యమంటే కాదనకూడదు. అందుకని ముగ్గురూ అలవాటు లేని ఆ పనికి కూడా ఒప్పుకున్నారు. ఎక్కువ కష్టపడింది వరహాలమ్మే.

"బోర్డు మీద పదకొండు లేదు" అంది. "బోర్డు మార్చొద్దన్నారు మావయ్యగారు. కంప్యూటరుని మార్చొద్దనలేదు."

"మా వదిన మామూలు మనిషి కాదు" అన్నాడు కొండబాబు.

ఒక కాగితం మీద 'సాగర్ 10' అని పెద్ద అక్షరాలతో రాసి కంప్యూటరు నెత్తిన అంటించారు. చుక్కాని ఒప్పుకోలేదు. నెత్తిన ఉంటే దానికెలా కనిపిస్తుందని తెర మీద అంటించారు. ఇప్పుడు వీళ్లకి తెర కనపడలేదు. "చదువు రాదేమో పాపం" అని నూకరాజు వంగి, వెనకాల గాలి వచ్చే కన్నాల దగ్గర నోరు పెట్టి, "నువ్వు పదివి. నువ్వు పదివి. ఎవరడిగినా పది అని చెప్పు" అని నచ్చజెప్పాడు. కాగితం చించి చూస్తే తెర మీద పదకొండే ఉంది.

"మొండిది" అన్నాడు నూకరాజు.

ఎర్రయ్యమ్మ స్టూలు మీంచి వేలు చూపించింది. "నూకరాజూ, నీ చేతిలో ఉన్నదేటి?"

"ఫోనండీ."

"దాంతో మీ మావయ్యకి చెయ్యి."

"చేస్తానండీ. ఆగండి." వాడు ఫోను చెవి దగ్గర పెట్టుకుని నిలబడ్డాడు. ఎంతసేపటికీ ఏం మాట్లాడలేదు.

"నంబరు నొక్కవేం?"

"దేన్నీ ముట్టుకోకూడదు కదండీ. పట్టుకున్నది మావయ్య ముందే పట్టుకోమన్నాడు కాబట్టి పట్టుకున్నాను."

ఇక ఎర్రయ్యమ్మ ఆగలేదు. స్టూలు దిగి, నీళ్లలో గబగబా నడిచి, బల్ల మీదున్న తన ఫోను తీసుకుంది. "ముట్టుకున్నారు, మళ్లీ మొదట్నుంచి" అన్నాడు కొండబాబు ఎంతో విచారంగా. ఆవిడ వాడి వైపు చూసిన చూపుకి వాడు నోరు మూసుకున్నాడు. ఆ సందులో మేస్త్రీ వీపు గోక్కున్నాడు, ఎవరో కుళాయి కట్టేశారు.

ఆసుపత్రిలో సోమలింగం కంటికి కట్టుతో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నర్సు ఫోను ఆయన చెవి దగ్గర పెట్టింది. ఎర్రయ్యమ్మ చెప్పిందంతా విన్నాడు.

"అమ్మా, భయపడకండి" అన్నాడు. "పదకొండు కొత్త ఇల్లేం కాదు, పదికే సున్నం కొట్టారు. గుమ్మాలు అవే. రాగానే పరీక్ష చేసి రాద్దామనుకున్నాను. పెన్ డ్రైవులో జాబితా అని ఒకటి ఉంటుంది. అందులో ఒక్క వరస చేరిస్తే చాలు. కొండబాబుకి ఇవ్వండి. ఒరే కొండా, జాబితా తెరిచి నేను చెప్పింది చెప్పినట్టు కొట్టు. నీ బుర్ర కలపకు."

కొండబాబుకి ఛాతీ ఉబ్బింది. పుట్టినప్పట్నుంచీ వాడు ఎదురుచూస్తున్న పని అదే. తెరిచి, వేళ్లు సిద్ధం చేసుకున్నాడు.

"సాగర్ పదకొండు" అన్నాడు సోమలింగం. "ఆగు, దగ్గొస్తోంది. నర్సమ్మా, ఆ ఇడ్లీ తీసెయ్యండి, చల్లారిపోయింది. కొట్టావా? ఏదీ, చదువు."

కొండబాబు చదివాడు. "సాగర్ పదకొండు. ఆగు దగ్గొస్తోంది. నర్సమ్మా ఆ ఇడ్లీ తీసెయ్యండి చల్లారిపోయింది. కొట్టావా ఏదీ చదువు."

"పోన్లే" అన్నాడు సోమలింగం నీరసంగా. "చల్లారిన ఇడ్లీ మీద కూడా నడుస్తానని అది అనుకుంటుంది, మనకి పోయిందేం లేదు. పైన సాగర్ పదకొండు ఉంది, అది చాలు. మళ్లీ మొదలుపెట్టి 'సరే' నొక్కు."

నొక్కాడు. తెర వెలిగింది. చుక్కాని గుమ్మం దాటింది, తల తగల్లేదు. ఐసు ప్రోగ్రాము కదిలింది. డబ్బాల్లోకి నీళ్లు దిగుతున్న చప్పుడు విని ఎర్రయ్యమ్మ స్టూలు మీద కూలబడి కళ్లు తుడుచుకుంది.

కథ ఇక్కడ ఆపేస్తే ఎంత బాగుండేది. కానీ సోమలింగం ఇంకో మాట అన్నాడు.

"ఒరే, దాన్ని ఇక ముట్టుకోకండి. నేను అక్కడికి వచ్చి ఆపమనేదాకా ఎవరినీ ఆపనివ్వకండి."

అంతలో డాక్టరు వచ్చి ఫోను లాగేసుకున్నాడు.

ఇంకేముంది. ముగ్గురూ మెయిన్ స్విచ్చి ముందు చాప పరుచుకుని కూర్చున్నారు. శనివారం గడ్డలు రావడం మొదలైంది. ఆదివారం నాలుగు వందలు దాటాయి. సోమవారం తెల్లారి అరవై పడవలూ ఐసు ఎక్కించుకుని కదిలాయి. పక్క రేవువాడి టీ పక్క రేవులోనే చల్లారిపోయింది. ఎర్రయ్యమ్మ ఒడ్డున నిలబడి ఆఖరి పడవ కనపడకుండా పోయేదాకా చూసి, తేలికపడ్డ మనసుతో ఫ్యాక్టరీకి వచ్చింది.

"ఇంక చాలు బాబూ, ఆపండి."

"మీరు మావయ్య కాదు కదండీ" అన్నాడు నూకరాజు.

"ఫ్యాక్టరీ నాదయ్యా. నేను చెప్తున్నాను, ఆపు."

ఇక్కడ ముగ్గురికీ చిక్కొచ్చింది. ఆవిడ చెయ్యమంటే కాదనకూడదు. ఎవరినీ ఆపనివ్వకూడదు. కొండబాబుకి చెమటలు పట్టాయి, అంత చలిలోనూ.

"ఏదైనా చెయ్యమంటే కాదనొద్దన్నారు" అంది వరహాలమ్మ మెల్లగా. "ఆపడమంటే చెయ్యడం కాదు కదా. మానడం."

"మా వదిన" అన్నాడు కొండబాబు, ఇంకేం అనలేక.

అంతే. గడ్డలు వస్తూనే ఉన్నాయి. తీసుకెళ్లే పడవల్లేవు. జారుడుబల్ల చివర గుట్ట పడింది. గుట్ట గుమ్మందాకా పెరిగింది. గుమ్మం మూసుకుపోయింది. లోపల ముగ్గురు, మధ్యలో ఐసు గోడ, బయట ఎర్రయ్యమ్మా ముప్పైమంది పనివాళ్లూ. మంగళవారం పొద్దుటికి గడ్డలు పై కిటికీలోంచి దూకి వీధిలోకి జారుతున్నాయి. బడికి వెళ్లే పిల్లలు పలకల మీద కూర్చుని బడి దాటి పోయారు.

సోమలింగం ఆసుపత్రి నుంచి తిన్నగా అక్కడికే వచ్చాడు, నల్ల కళ్లద్దాలతో. ఐసు గోడ ముందు నిలబడి కేకేశాడు. "ఒరే, ఆపండిరా."

లోపల్నుంచి పళ్లు కొట్టుకుంటున్న చప్పుడుతో జవాబొచ్చింది. "మా-మావయ్యేనా?"

"నేనేరా. ఆపండి."

"వచ్చి ఆపమనాలన్నావు కదా మావయ్యా. నువ్వింకా రాలేదుగా. బయటున్నావు."

సోమలింగం ఎర్రయ్యమ్మ వైపు చూశాడు. ఎర్రయ్యమ్మ గొడ్డలి తెప్పించింది. అరగంటసేపు కొడితే తలపట్టే కన్నం పడింది. సోమలింగం కంటికి దెబ్బ తగలకుండా తల నెమ్మదిగా లోపలికి దూర్చాడు.

"వచ్చాను" అన్నాడు. "ఆపండి."

"అలా చెప్పు మరి" అని నూకరాజు ఎడమచేత్తో స్విచ్చి ఆపాడు. కుడిచేతిలో ఫోను ఉంది.

ఎర్రయ్యమ్మ తిట్టాలనే అనుకుంది. కానీ ఆ మధ్యాహ్నమే పడవలు తిరిగొచ్చాయి, రెండు నెలల తర్వాత మొదటి వేట కదా, అంచుల దాకా చేపలతో. ఆ ఎండలో అంత చేపకి ఐసు ఎక్కడుంది? కొత్తరేవు వీధిలో ఉంది. పక్క రేవు పడవలు కూడా ఇటే వచ్చాయి. ఎర్రయ్యమ్మ తిట్లు మింగేసి, సోమలింగం చేతిలో ఇంత వంజరం చేప పెట్టింది.

"మీ కంపైలరు మారిస్తే ఒట్టు" అంది. "కానీ వీళ్లని మాత్రం మళ్లీ పంపకండి."

ఇంటికొచ్చిన రోజే సోమలింగం సుద్దముక్క తీసుకున్నాడు. బోర్డు మీద 'సాగర్ 11' అని రాశాడు. కాసేపు ఆలోచించి, కళ్లద్దాల సంగతి గుర్తొచ్చి, దాని కింద 'మావయ్య' అని కూడా రాశాడు.

"చూశారుగా" అన్నాడు. "ఇక నాకూ సపోర్టు ఉంది."

"ఉంది మావయ్యా" అన్నారు ముగ్గురూ.

పదిరోజుల తర్వాత రెండో కంటి ఆపరేషన్‌కి పట్నం వెళ్లాడు. మర్నాడు షాపు ఫోను మోగింది.

"ఏ సిస్టమ్?" అన్నాడు నూకరాజు.

"మావయ్య" అన్నాడు సోమలింగం, ఈసారి తొణక్కుండా.

కొండబాబు బోర్డు చదివాడు. "ఏడు, ఎనిమిది, పది, పదకొండు, మావయ్య. ఉన్నాడు."

"ఉన్నారండీ. చెప్పండి."

"హమ్మయ్య. ఒరే, కంట్లో వేసుకునే చుక్కల మందు గూట్లో ఉండిపోయింది. కన్ను మండిపోతోంది. తొందరగా పంపించు."

"ఇప్పుడే పంపిస్తున్నామండీ" అని నూకరాజు పెట్టేశాడు. బోర్డు మీద ఉంటే ఏం చెయ్యాలో మావయ్యే చెప్పి ఉన్నాడు. ఇంకో మాట వద్దనీ చెప్పి ఉన్నాడు.

మర్నాడు ఆసుపత్రికి కవరు చేరింది. కంటికి కట్టుతో ఉన్న సోమలింగం ఆత్రంగా చెయ్యి చాపితే, నర్సు కవరు విప్పి, లోపలున్న పెన్ డ్రైవు ఆయన అరచేతిలో పెట్టింది. దాంతోపాటు ఉన్న కాగితం చదివి వినిపించింది. "ఒకటి. పని పూర్తయ్యేదాకా ఎవరినీ ఏదీ ముట్టుకోనివ్వకండి."

బంటుపాలెంలో ముగ్గురూ అరుగు మీద కూర్చుని ఉన్నారు. రెండు రోజులు గడిచాయి, మూడో రోజూ వచ్చింది. ఫోను మోగలేదు.

"మావయ్యగారు ఎలా ఉన్నారో, ఏంటో" అంది వరహాలమ్మ.

నూకరాజు చేతిలోని ఫోను వైపు గర్వంగా చూసుకున్నాడు.

"మళ్లీ ఫోను రాలేదంటే, బాగానే నడుస్తున్నాడన్నమాట."